పూత రాలకుండా

1. పెద్దాయన నిండుగా ఉన్నాడు

ఏడో పలక. వెండి పూత చక్కగా కూర్చుంది. మరకలు లేవు.

నిజానికి ఇంతటితో ఆపేయాలి. పూత గది పుస్తకంలో పలక నంబరు, పూత మందం తప్ప ఇంకేమీ రాయకూడదని కూర్మారావు గారి మాట. ఆయన మా ఊరి పెద్ద. పోయినసారి పుస్తకం తిరగేసి, "అసిరీ, ఇదేటి పని పుస్తకమా, నీ సొంత గోలా?" అని అడిగారు. సొంత గోలేనండీ. పూత కూర్చునేదాకా కదలకుండా కాపలా కాసేది నేను. అంతసేపు నోరు మూసుకుని, చేతులు ముడుచుకుని ఉండమంటే నావల్ల కాదు.

పని చెప్పుకుంటే తేలికే. పైకప్పు తలుపు తెరిస్తే గదిలో గాలంతా పోతుంది. భూమ్మీద ఇదే పనికి పంపులు పెట్టి గాలి తోడేవాళ్ళట. మాకు బయటంతా శూన్యమే కాబట్టి ఆ శ్రమ లేదు. తర్వాత తలుపు మూసి, కాస్త ఆర్గాన్ వాయువు వదిలి, వెండి బిళ్ళకి కరెంటు పెడతాను. బిళ్ళ ముందు ఊదారంగు వెలుగు లేస్తుంది. ఆర్గాన్ అయాన్లు వెళ్ళి బిళ్ళని కొడుతుంటాయి. గుంపుగా పేర్చిన గోళీల మీదికి ఒక గోళీ గట్టిగా విసిరితే ఏమవుతుంది? ఒకదాన్నొకటి తోసుకుని, ఎక్కడో అంచున ఉన్న గోళీ ఎగిరి బయటపడుతుంది. ఇక్కడా అంతే. లోపల తోపులాట జరిగి, పైనున్న వెండి పరమాణువు లేచిపోతుంది. దారిలో దాన్ని ఆపేది పెద్దగా ఏమీ ఉండదు. తిన్నగా వెళ్ళి ఎదురుగా ఉన్న గాజు పలకకి అతుక్కుంటుంది. అలా ఒకటొకటిగా వచ్చి కూర్చుంటూ ఉంటే గాజు అద్దమవుతుంది.

ఎంత చూసినా నాకు విసుగు రాదు. ఊదా వెలుగులో కళ్ళు సగం మూసుకుంటే, ఎవరో చాలా దూరంలో నిద్రలో మాట్లాడుతున్నట్టు ఉంటుంది.

బయట ఇదే పని పెద్దాయన చేస్తాడు, నాకు పోటీగా. పెద్దాయనంటే ఆకాశం అంచున సగం మునిగి కూర్చున్న గ్రహం. మా నేల ఆయన చుట్టూ తిరుగుతుంది, ఆయన మాత్రం మాకు ఉన్నచోటే ఉంటాడు. ఇక్కడ గాలి లేదు గానీ ఈదర ఉంది. ఆయన దగ్గర్నుంచి వచ్చే అయాన్ల వానకి మా తాతల కాలంలో పెట్టిన పేరది. నేను వేసిన పూతని అది రాలుస్తుంది. మళ్ళీ వేస్తాను. మళ్ళీ రాలుస్తుంది. ఇద్దరం ఎవరి పని వాళ్ళు చేసుకుంటూ బతుకుతున్నాం.

2. పెద్దాయన ముప్పాతిక

ఈ రోజు తోటకి వెళ్ళాను.

మా సూర్యుడు నెత్తి మీదికి రాడు, ఊరి చుట్టూ గట్ల మీద దొర్లుతూ ఉంటాడు. తోట నేల కింద ఉంది. దాని పైకప్పే పెద్ద గాజు కిటికీ. ఆ కిటికీ మీద, తెరిచిన పెట్టె మూతలాగా, నా పలకలు పేర్చిన అద్దం వాలి ఉంటుంది. సూర్యుడు ఎటు దొర్లితే అటు తిరిగి, వెలుతురుని పట్టి కిందికి పంపుతుంది. అందరం దాన్ని మూత అనే అంటాం. పడుకునే వేళకి మూత మూసి తోటలో దీపాలు ఆర్పేస్తాం.

తోట దాలమ్మత్తది. మా నాన్న చెల్లెలు. నన్ను పెంచిందీ, తిట్టిందీ, జడలేసిందీ ఆవిడే. ఆవిడ తల్లి, అంటే మా నాయనమ్మ, భూమి నుంచి వచ్చేటప్పుడు మామిడి టెంకలు కొంగున ముడేసుకుని వచ్చిందట. వాటిలో ఒక్క చెట్టే మిగిలింది. ఇన్నేళ్ళయినా అది ఆకులు తప్ప ఇంకేమీ ఇవ్వలేదు. అత్త దాన్ని కన్నతల్లిని చూసుకున్నట్టు చూసుకుంటుంది. దాని కాయ చూసి పోతే చాలంటుంది.

"వెలుతురు సాల్డం నేదే, గుంటా," అంది నన్ను చూడగానే.

నా పూతకి వంక పెడితే నాకు ఒళ్ళు మండుతుంది. "మొన్ననే కొత్త పలకలు వేశానత్తా. నీ కళ్ళే మసకేస్తున్నాయి."

"కళ్ళు మసకేత్తే నీలంగా అగుపడతాదేటి?"

నిజమే, తోట కొంచెం నీలంగా ఉంది. తోటకూర కూడా నీలి నీడలో ముంచి తీసినట్టుంది. అందంగానే అనిపించింది గానీ ఆ మాట అంటే కొడుతుందని ఊరుకున్నాను.

అత్త చెట్టు కింద చాప మీద వెల్లకిలా పడుకుని పైకి చూస్తోంది. "మాయమ్మ వొస్తంది ఈమజ్జిన," అంది మామూలుగా.

"ఎక్కడికి?"

"కిటికీలోకి. పై నుండి నాకేసి సూస్తంది. నవ్వితే నవ్వుతాది."

పెద్దవాళ్ళకి ఒక వయసులో ఇలాంటివి మొదలవుతాయని విన్నాను. మూత మూసినప్పుడు అద్దం కిందికి తిరిగి ఉంటుంది కదా, అందులో తన ముఖమే కనిపించి ఉంటుందని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. కాసేపు పక్కన కూర్చుని వచ్చేశాను.

3. పెద్దాయన సగం

పలక పాడైంది. తప్పు నాది కాదు, బిళ్ళది.

అయాన్లు బిళ్ళంతా ఒకే రకంగా కొట్టవు. వెనక ఉన్న అయస్కాంతం వల్ల ఒకే దారిలో గుండ్రంగా కొడతాయి. గానుగెద్దు తిరిగిన చోటులా బిళ్ళ మీద గాడి పడుతుంది. చుట్టూ బోలెడు వెండి ఉన్నట్టే కనిపిస్తుంది, గాడిలో మాత్రం కాగితమంత మిగులుతుంది. ఈ మధ్య తోటలో వెలుతురు చాలడం లేదని అత్త అన్నప్పుడల్లా రోషానికి పోయి ఇంకో పూత, ఇంకో పూత వేస్తూ వచ్చాను.

ఇవాళ ఊదా వెలుగు చూస్తూ చూస్తూ ఉండగా అది పచ్చబడింది. లేతాకు రంగు. ఎంత బాగుందో! ఒక్క క్షణం నోరు తెరుచుకుని చూశాను. ఆ తర్వాత అర్థమై కరెంటు ఆపేశాను. గాడి అడుగు తెగింది. బిళ్ళ వెనక ఆనించిన రాగి రేకు బయటపడింది. ఎగురుతున్నది రాగి. పలక అంచున ఎర్రటి జీర పడింది.

మిగిలిన వెండిని కరిగించి మళ్ళీ బిళ్ళ పోసే కొలిమి మాకు లేదు. కొత్త బిళ్ళ తెచ్చే ఓడ ఇప్పట్లో రాదు. కూర్మారావు గారు వచ్చి చిల్లులో వేలు పెట్టి చూశారు. తిడితేనే బాగుండేది.

"ఇక ఉన్న పూతే మనకి దిక్కు," అన్నారు వెళ్ళబోతూ. "ఈదరొస్తంది. జాగర్త."

4. పెద్దాయన నెలవంక

పెద్దాయన సన్నబడుతున్నాడంటే సూర్యుడు ఆయన పక్కకి దొర్లాడని లెక్క. ఆ రోజుల్లో మూత సూర్యుణ్ణి పట్టాలంటే పెద్దాయనకి ఎదురు తిరగాలి. ఈదర నేరుగా పూత ముఖాన కొడుతుంది. మామూలుగా కొంత పోతే పోయిందని మూత తీసే ఉంచుతాం. ఈసారి ఈదర ముదిరింది. మీటరు ముల్లు అంచుకి వెళ్ళి అక్కడే వణుకుతోంది.

తీసి ఉంచాలా మూయాలా అని తేల్చుకోలేక కూర్చుని ఉంటే తోట నుంచి ఫోను. ఈదర వేళ ఫోనులో సగం మాటలు బరబరే.

"అసిరీ... పూత... ఓలమ్మ... రాలిపోతాదే... పూత రాలకుండా సూసుకోవాల... బేగి..."

అంతే వినిపించింది. తెగిపోయింది.

కళ్ళలో నీళ్ళు తిరిగాయంటే నమ్మండి. ఇన్నాళ్ళూ నా పూత మీద సాధించడమే గానీ, అత్తకి దాని మీద ఇంత దిగులు ఉందని తెలీదు. ఇంకేం ఆలోచించలేదు. మూత పూర్తిగా దించి మూసేశాను. పూత క్షేమం. కూర్మారావు గారు కూడా "మంచి పని చేసినావు," అన్నారు. ఆయన నోట ఆ మాట విని ఎంత కాలమైందో.

హాయిగా నిద్రపోయాను.

5. నెలవంక, ఇంకా సన్నగా

మెచ్చుకోలు వసూలు చేసుకుందామని తోటకి వెళ్ళాను.

దీపాల వెలుతురులో తోట చీకటిగుహలా ఉంది. అత్త చెట్టు కింద తెల్లగుడ్డ పరుచుకుని కూర్చుంది. గుడ్డ మీద సన్నటి రవ్వలు, పసుపూ గోధుమా కాని రంగులో. ఏదో వాసన. తీయగా, కొంచెం ఘాటుగా. నా జన్మలో ఎరగని వాసన.

"ఇదేంటత్తా?"

"పూత."

నాకు అర్థం కాలేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఈ ఊళ్ళో పూతంటే నా పూతే. అత్త నా చెయ్యి పట్టుకుని కొమ్మ మీద పెట్టింది. చిన్న చిన్న గుత్తులు, ముట్టుకుంటే రాలిపోయేంత మెత్తగా ఉన్నాయి.

"మామిడి పూతే, గుంటా. మామిడికి పువ్వొచ్చినాదని ఎవులూ అనరు. పూతొచ్చినాదంటారు. వెలుతురు సాలక రాలిపోతందని నీకు పోను సేసినాను. ఇంకొంచెం వెలుతురియ్యే అని అడిగినాను. అప్పుడే మూతెట్టీసినారు. కూర్మారావుగోరి పనేటి?"

"నా పని," అన్నాను.

ఆవిడ నా ముఖం చూసింది. గుడ్డ మీద రాలిన పూతని దగ్గరికి తోసి, వేళ్ళతో మెల్లగా నిమిరింది. ఆవిడ బతుకంతా ఎదురుచూసిన దాన్ని నేను మూత వేసి ఆర్పేశాను, పైగా హాయిగా నిద్రపోయాను. చెట్టుకి మళ్ళీ ఎప్పుడు పూత వస్తుందో ఎవరికి తెలుసు? అప్పటికి అత్త ఉంటుందో లేదో.

"కొమ్మలకింకా ఉన్నాది," అంది అత్త. "అంతా పోనేదు."

6. అదే నెలవంక

కూర్మారావు గారు ఒప్పుకోలేదు. ఆయన చెడ్డవాడు కాదు, ఊరంతటికీ కూరాకు ఆ తోటలోంచే రావాలి.

"బిళ్ళకి సిల్లు పడ్డాది. ఉన్న పూత కూడా ఈదర నాకేత్తే తోటంతా సీకటే కదా. ఒక సెట్టు కోసం ఊరికి పస్తెట్టమంటావేటి?"

నేను ఏడ్చాను. ఆయన కంగారు పడిపోయి, "సరే, కొంచెంసేపు తియ్యి, సూద్దాం," అన్నారు.

మూత తీసి పరుగున తోటకి వచ్చాను. వెలుతురు వచ్చింది గానీ సగమే. నీలంగా, నీళ్ళ అడుగు నుంచి చూస్తున్నట్టు. నా పూత మూత మీద బాగానే ఉంది, పొద్దున కొలిచాను కూడా. అయితే వెలుతురు ఎక్కడ ఆగిపోతోంది?

అత్త చాప మీద వెల్లకిలా పడుకుని, "అద్గది, మాయమ్మొచ్చినాది," అంది.

"మూత మూసినప్పుడు కదత్తా వచ్చేది?"

"మూసీసి దీపాలార్పీత్తే సీకట్లో ఏటగుపడతాది? తీసినప్పుడే వొస్తంది."

నేనూ పక్కన పడుకుని పైకి చూశాను. నల్లటి ఆకాశం మీద, మూత అంచుకి ఇవతల, ఇద్దరు ఆడవాళ్ళు మా వైపే చూస్తున్నారు. ఒక ముసలావిడ. పక్కన ముక్కు ఎగబీల్చుకుంటున్న నేను.

నేను తల వంచితే ఆవిడ పక్కనున్న నేనూ తల వంచాను.

గాజులో అంత స్పష్టంగా ముఖం కనిపించదు. వెండి ఉంటే తప్ప. మూతకి ఎదురుగా, చేతికందేంత దూరంలో ఏముంది? ఈ కిటికీయే. ఈదర కొట్టినప్పుడల్లా మూత మీంచి ఎగిరిన వెండి ఆకాశంలో కలిసిపోయిందనే ఇన్నేళ్ళూ అనుకున్నాం. కొంత పోయే ఉంటుంది. మిగతాది మాత్రం తిన్నగా వచ్చి ఇక్కడ కూర్చుంది. కిటికీ గట్టు చాటున ఉంది కాబట్టి ఈదర దీన్ని తాకదు, ఇక్కడి నుంచి రాల్చేవాళ్ళు లేరు. పల్చటి వెండిలోంచి చూస్తే వెలుతురు నీలంగా ఉంటుందని నాకు తెలియదా? రోజూ పలకలు దీపానికి అడ్డం పెట్టి చూసేదాన్నే. వెలుతురు తగ్గిందని నేను పూత మీద పూత వేసిన కొద్దీ, ఈ కిటికీకి ఇంకాస్త తెర కట్టాను.

నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. "అత్తా, మన వెండి ఎక్కడికీ పోలేదే!" అని అరిచాను.

7. పెద్దాయన కనిపించడం లేదు

పలకలకి పూత వేసే ముందు పాత మురికి రాల్చడానికి ఒక అయాన్ గొట్టం ఉంది నా దగ్గర. అదీ కొట్టడమే, కాకపోతే చేత్తో పట్టుకుని. దాన్ని బయటికి తీసుకెళ్ళి కిటికీ మీద తిప్పితే వెండి లేస్తుంది. లేచి ఎటు పోతుంది? పైన మూత వాలి ఉంది. అటే పోతుంది. కిటికీయే బిళ్ళ, మూతే పలక. పూత గదిని ఎత్తి ఆరుబయట పెట్టినట్టే.

కూర్మారావు గారు ఇది విని తల గోక్కున్నారు. "వెండి అయిపోనాక కూడా కొడితే గాజు గరుకెక్కిపోద్ది. అప్పుడు కిటికీ కూడా పోయినట్టే. ఎక్కడ ఆపాలో నీకెలగ తెలుస్తాది?"

అదే చిక్కు. బయట గాలి తొడుగులో ఉన్నవాళ్ళకి వెండి మీది వెలుగు కళ్ళలో కొట్టి ఎంత మిగిలిందో తేలదు. లోపల నుంచి ఎవరో చెప్పాలి.

తోటకి వెళ్ళి అత్త ముందు కూర్చున్నాను. ఎలా అడగాలో తెలియలేదు. చివరికి, "అత్తా, మీ అమ్మ కనబడకుండా పోయేదాకా నేను రాల్చాలి. ఎప్పుడు పోయిందో నువ్వే చెప్పాలి," అన్నాను.

ఆవిడ పైకి చూసింది. కొమ్మకి మిగిలిన పూతని చూసింది.

"సెప్తాను," అంది.

తొడుగు వేసుకుని బయటికి వచ్చాను. పెద్దాయన పూర్తిగా నల్లబడి, చుక్కలు లేని చోటుగా మిగిలాడు. ఆయన చెంప పక్కన సూర్యుడు. గొట్టం నోట్లో ఊదా వెలుగు వచ్చింది. కిటికీ ఒక మూల నుంచి మొదలుపెట్టి, ముగ్గుకి నేల అలికినట్టు నెమ్మదిగా తిప్పుతూ వెళ్ళాను. చప్పుడు లేదు. కంటికి కనిపించేదీ ఏమీ లేదు. చెవిలో ఫోను బరబర, మధ్యమధ్య అత్త గొంతు.

"ఉన్నాది."

తిప్పాను.

"ఉన్నాది. సూస్తంది."

తిప్పాను. చేతులు లాగేస్తున్నాయి.

"పలసబడిపోతంది... నాను మూతి ముడిత్తే అదీ ముడిసింది... కళ్ళే అగుపడతన్నాయి."

ఆ తర్వాత ఏమీ లేదు. బరబర కూడా సన్నగిల్లింది. "అత్తా?" అన్నాను. జవాబు లేదు. ఆపాలా? ఇంకా కొట్టాలా? ఆవిడ ఆపమంటే, వెండి ఇంకా ఉన్నా నేను ఆపేసేదాన్ని. ఆవిడ ఊరుకుంటే గాజు పాడయ్యేదాకా కొట్టేదాన్ని. రెండూ ఆవిడకి తెలుసు.

"అత్తా!"

"ఆపియ్యే," అంది చిన్నగా. "ఎల్లిపోనాది. సుక్కలగుపడతన్నాయి."

ఆపేశాను. అలాగే మోకాళ్ళ మీద కూర్చుండిపోయాను. కాళ్ళ కింద కిటికీలోంచి తోట కనిపించింది. మొదటిసారి ఆకులు ఆకుపచ్చగా ఉన్నాయి. తెల్లటి వెలుతురులో చెట్టు కింద ఒక చిన్న మనిషి పడుకుని నాకు చెయ్యి ఊపుతోంది.

8. పెద్దాయన మళ్ళీ సగం

మూత మీద పూత మందం పెరిగింది. ఎంత పెరిగిందో రాయాలి, కొలిచాను కూడా, ఆ కాగితం ఎక్కడో పెట్టాను. కూర్మారావు గారు మన్నించాలి. గాజు గరుకెక్కలేదని ఆయనే స్వయంగా తొడుగు వేసుకుని వెళ్ళి చెయ్యి పెట్టి చూసుకున్నారు.

కాయ కట్టాలని అత్త రోజూ దూదిపుల్లతో గుత్తి గుత్తికీ పుప్పొడి అద్దింది. ఇవాళ నన్ను పిలిచి కొమ్మ వంచి చూపించింది. పూత రాలిన చోట పిందెలు. గోరంత ఉన్నాయి. వాటిని ఎలా చూడాలో కూడా నాకు చేతకాలేదు. ముట్టుకోబోతే చేతి మీద ఒకటేసింది.

పడుకునే వేళ మూత దించారు. ఇవాళ దీపాలు అప్పుడే ఆర్పొద్దని నేనే చెప్పాను. తేటగాజు మీద అద్దం బోర్లా వచ్చి నిలిచింది. అందులో తోటంతా తలకిందులుగా వేలాడింది. చెట్టు, పిందెలు, చాప, చాప మీద ముసలావిడ.

"చూశావా, మీ అమ్మ మళ్ళీ వచ్చింది," అన్నాను, ఆవిడ సంతోషిస్తుందని.

అత్త నవ్వింది. "మాయమ్మేటే, గుంటా. మాయమ్మ ఇంత ముసిల్ది అవనేదు. నీ అంత వొయిసులోనే పోనాది. అది నానేనని నాకు తెల్దేటి?"

"మరి అన్నాళ్ళూ?"

"ఉండుంటే ఇలగ ఉండేదని సూసుకున్నాను."

అత్త పైకి చూసి, అద్దంలో ఉన్న ఆవిడకి ఒక పిందెని వేలితో చూపించింది. తర్వాత దీపం ఆర్పమంది.